కలిపిన పాత్ర

మాసపు వేదపాఠము

చదువవలసిన భాగములు: సామెతలు 23:29–35, మార్కు 15:22–24, కీర్తనలు 127



127వ కీర్తనను మనము ఎక్కువగా గృహప్రతిష్ఠలలోను వివాహములలోను చదువుచుందుము. అయితే ఆ చిన్న కీర్తనలో నిద్రను గూర్చిన మాట యొకటి యున్నది. వేకువనే లేచి, బహు రాత్రి వరకు పాటుపడి, చింతతోనే అన్నము తినువాని బ్రదుకు వ్యర్థమనియు, తన ప్రియులు కన్నులు మూసికొని యుండగా దేవుడు వారి కొరకు పనిచేయుచుండుననియు దాని భావము. కాబట్టి నిద్ర దేవుని దానము. దానిని నమ్మికతో పుచ్చుకొనవలెను.

కాని మన సంఘములలో ఎందరికి ఈ దానము సులభముగా లభించుచున్నది? సిరిసిల్లలో మరమగ్గముల మీద రాత్రి పాళీ చేసిన సహోదరుడు తెల్లవారి ఇంటికి వచ్చి పరుండిన తరువాతను ఆ మగ్గముల చప్పుడు అతని చెవులలో ఆగదు. కోరుట్లలో బీడీలు చుట్టు అక్క రోజంతయు చాట యెదుట వంగి కూర్చుండి, రాత్రి నడుమునొప్పిచేత ఇటు నటు పొర్లుచుండును. జగిత్యాల పల్లెలలో భర్త దుబాయికో మస్కటుకో పోయిన యింట అప్పుకాగితము తలగడ క్రిందనే యుండును. ఇట్టివారికి సాయంకాలము ఒక సీసా కల్లు గాని, మందుల దుకాణములో దొరకిన ఒక మాత్ర గాని, రెండును కలిపి గాని నిద్రనిచ్చునని యెవరో చెప్పుదురు. వారు నమ్ముదురు. వారిని మనము తొందరపడి దూషింపరాదు. ఏలయనగా వారు మొదట కోరినది మత్తు కాదు, విశ్రాంతియే.

ఈ నెల పాఠము ఆ కలిపిన పాత్రను గూర్చినది. త్రాగుట పాపమని చెప్పి ఊరకుండుటకు మేము దీనిని వ్రాయుటలేదు. ఆ మాట మీరు అనేక పర్యాయములు వినియున్నారు. మద్యమును నిద్రమందును కలిసినప్పుడు శరీరములో ఏమి జరుగునో, అలవాటుపడినవానిని విడిపించుటకు మనము ఏలాగు సహాయము చేయవలెనో, ఏలాగు చేయరాదో తెలిసికొనుటయే మా ఉద్దేశము. ఇందులో కొన్ని ప్రాణములు నిలుచుటయు పోవుటయు ఇమిడియున్నవి.

1. వేదము చూపు చిత్రము

సామెతలు 23వ అధ్యాయము కడపటి వచనములను నెమ్మదిగా చదువుడి. అక్కడ జ్ఞాని వట్టి ద్రాక్షారసమును గూర్చి మాత్రమే చెప్పలేదు. కలిపిన ద్రాక్షారసమును వెదకువారిని గూర్చి చెప్పెను. ఆ కాలమందును పానమునకు మత్తు హెచ్చుటకై సుగంధ ద్రవ్యములను, మూలికలను కలుపుచుండిరి. పిమ్మట ఆయన వ్రాసిన గురుతులను చూడుడి. అట్టివాడు నడిసముద్రములో పరుండినవానివలె ఊగును. ఓడకొయ్య చివర పరుండినవానివలె పడిపోవు స్థితిలోనుండియు ఎరుగకుండును. కొట్టినను నొప్పి తెలియదు. జరిగినది జ్ఞాపకముండదు. మేలుకొనిన వెంటనే దానినే మరల వెదకును.

తూలుట, స్పర్శ తెలియకపోవుట, మరపు, మరల మరల కోరుట అను ఈ నాలుగు గురుతులను నేటి వైద్యుడును ఇట్లే చెప్పును. దేవుని వాక్యము మనుష్యుని ఎంత దగ్గరగా చూచినదో దీనివలన గ్రహింపవచ్చును.

యెషయా ప్రవక్త తన గ్రంథము మొదటి అధ్యాయము 22వ వచనములో యెరూషలేము పాపములను లెక్కించుచు, ద్రాక్షారసములో నీళ్లు కలిపి అమ్ముటను గూడ అందులో చేర్చెను. కల్తీ చిన్న పాపము కాదని దీని భావము. నీళ్లు కలుపుటయే అంత నేరమైనయెడల, విషము కలుపుటను గూర్చి యేమి చెప్పవలెను?

2. మన సీమలో కలుపునది

తాటిచెట్టునుండియు ఈతచెట్టునుండియు దిగిన కల్లు మొదట తియ్యగా నుండును. కొన్ని గంటలలో దానంతట అదే పులిసి మద్యమగును. ప్రాణమునకు తెగించి చెట్టెక్కి, దించినది దించినట్లే అమ్ము గీత కార్మికులు మన గ్రామములలో ఉన్నారు. మా మాటలు వారిని గూర్చినవి కావు. కాని చెట్లు తక్కువ, త్రాగువారు ఎక్కువ. ఈ కొరతను పూడ్చుటకు కొందరు వ్యాపారులు నీళ్లలో చక్కెరయో శాకరినో కలిపి, కొంచెము కల్లు చేర్చి, మత్తు కొరకు ఒక తెల్లని పొడిని వేయుదురు. జనులు దీనినే మందు కల్లు అందురు.

ఆ పొడి ఏది? సాధారణముగా పట్టుబడుచున్నవి మూడు. మొదటిది క్లోరల్ హైడ్రేటు. దీనిని మనవారు సి.హెచ్. అందురు. రెండవది డైజెపాము. దీనిని డైజోఫాము అని పలుకుదురు. మూడవది అల్ప్రాజోలము. ఈ మూడును నిద్ర కొరకును, కంగారు తగ్గుట కొరకును వైద్యులు వాడిన మందులే. క్లోరల్ హైడ్రేటు 1869 నుండి నిద్రమందుగా వాడుకలోనికి వచ్చెను. మద్యములో దానిని రహస్యముగా కలిపి బాటసారులను స్పృహ తప్పించి దోచుకొనిన దొంగలను గూర్చి అమెరికా దేశపు చరిత్రలో చదువుదుము. అక్కడ దొంగ చేసిన పని ఇక్కడ వ్యాపారము చేయుచున్నది.

కొలత సంగతి ఆలోచించుడి. వైద్యుడు వ్రాయు అల్ప్రాజోలము మాత్ర సాధారణముగా పావు మిల్లీగ్రాము, లేక అర మిల్లీగ్రాము. అనగా ఒక్క గ్రాము పొడిలో అర మిల్లీగ్రాము మాత్రలు 2,000 ఉన్నట్లు లెక్క. అట్టి పొడిని తొట్టిలో వేసి కఱ్ఱతో త్రిప్పినప్పుడు ఏ సీసాలోనికి ఎంత పోవునో కలిపినవానికే తెలియదు. ఒక సీసాలో ఏమియు లేకపోవచ్చును. ప్రక్క సీసాలో పది మాత్రల సత్తువ ఉండవచ్చును. కాబట్టి ‘నాకు ఇరువది యేండ్ల అలవాటు, నాకేమి కాదు’ అను సహోదరుని మాటకు ఆధారము లేదు. అతనికి అలవాటైనది నిన్నటి సీసా. నేటి సీసాను అతడు ఎరుగడు.

ఇవి ఊహలు కావు. 2025 ఏప్రిల్‌లో కామారెడ్డి జిల్లాలో కల్తీ కల్లు త్రాగిన అనేకులు ఆసుపత్రుల పాలైరి. అదే సంవత్సరము జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్లు త్రాగినవారిలో కొందరు మరణించిరి. మరికొందరికి మూత్రపిండములు చెడి డయాలిసిస్ చేయవలసివచ్చెను. అక్కడి కల్లును పరీక్షింపగా అల్ప్రాజోలము బయటపడెను. చట్టమును దీనిని తేలికగా చూడలేదు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రింద అల్ప్రాజోలము 100 గ్రాములకు మించి పట్టుబడినయెడల అది వాణిజ్య పరిమాణము. దానికి 10 మొదలు 20 సంవత్సరముల వరకు కఠిన శిక్ష. పొరుగువానికి త్రాగనిచ్చి వాని మతి చెడగొట్టువానికి శ్రమ అని హబక్కూకు 2:15లో ప్రవక్త పలికిన తీర్పు దీనికంటె పెద్దది.

3. శరీరములో జరుగునది

దేవుడు మన మెదడులో పరుగును, ఆపుదలను రెండింటిని ఉంచెను. ఆలోచన, కదలిక, మేలుకువ పరుగువంటివి. వాటిని నెమ్మదింపజేయు సహజ ద్రవ్యమొకటి కలదు. వైద్యులు దానిని గాబా అందురు. అది బండికి బ్రేకు వంటిది. మద్యము ఆ బ్రేకును నొక్కును. డైజెపాము, అల్ప్రాజోలము మొదలైన నిద్రమందులును ఆ బ్రేకునే నొక్కును. ఒక్కొక్కటి విడిగా నొక్కినప్పుడు బండి నెమ్మదించును. రెండును ఒకేసారి నొక్కినప్పుడు బండి నిలిచిపోవచ్చును. ఆ బండి మన ఊపిరియే.

మనము నిద్రించుచున్నను ఊపిరి ఆడుచునే యుండుటకు మెదడు అడుగుభాగములో ఒక కావలివాడు మేలుకొనియుండును. గొంతులో ఏదైనను అడ్డుపడినప్పుడు దగ్గించువాడును వాడే. మద్యమును నిద్రమందును కలిసినప్పుడు ఆ కావలివాడు కూడ కునుకును. అప్పుడు శ్వాస నెమ్మదించును. నాలుక వెనుకకు జారి గొంతును మూయవచ్చును. వాంతియైనయెడల అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. ఇంటివారు పెద్ద గురక విని ‘హాయిగా పండుకొన్నడు, లేపకు’ అందురు. కొన్ని పర్యాయములు అది హాయి కాదు, మూసికొనిపోవుచున్న గొంతు చేయు చప్పుడు.

మరియొక మోసము కాలమును గూర్చినది. ‘మాత్ర మధ్యాహ్నము వేసికొంటిని, కల్లు సాయంత్రము త్రాగితిని, రెండును కలియలేదు గదా’ అని కొందరందురు. మాత్ర కడుపులో కరిగిపోయినను రక్తములో నిలిచియే యుండును. అల్ప్రాజోలము సగము పోవుటకే సుమారు 11 గంటలు పట్టును. వృద్ధులలో ఇంకను ఎక్కువ, 16 గంటల వరకు పట్టవచ్చును. డైజెపాము సగము పోవుటకు ఒకటి రెండు దినములు పట్టును. కాలేయము చెడినవారిలో ఇంకను ఆలస్యము. కాబట్టి గంటల యెడము రక్షణ కాదు.

వృద్ధులకు ఇంకొక అపాయము. రాత్రి మూత్రమునకు లేచి, తూలి, పడి, తుంటి యెముక విరిగి మంచమెక్కిన పెద్దలు అనేకులు. మరపును గూడ లెక్కింపుడి. వేసికొనిన మాత్రను మరచి మరల వేసికొనుట, త్రాగిన సీసాను మరచి మరల త్రాగుట ఈ మత్తులో సాధారణము. తాను చనిపోవలెనని తలంపని మనుష్యుడు ఈ మరపువలననే చనిపోవచ్చును.

ఇట్టిది మందు కల్లు త్రాగువారికే కాదు. పట్టణములో బ్రాందీ త్రాగి డాక్టరు వ్రాసిన మాత్ర వేసికొను ఉద్యోగికిని ఇదే అపాయము. మూర్ఛ రోగమునకు మందులు వాడువారును, జలుబుకు నిద్రపట్టించు మాత్రలు వేసికొనువారును, నొప్పికి ట్రమడాల్ వాడువారును మద్యమును దూరముగా నుంచవలెను.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమునందు 1975 ఏప్రిల్‌లో కరెన్ ఆన్ క్విన్లన్ అను 21 ఏండ్ల యువతి ఒక విందులో కొంచెము మద్యము త్రాగెను. అంతకుముందు ఆమె మత్తునిచ్చు శాంతిమందు కొంత తీసికొనియుండెను. కొన్ని దినములుగా సరిగా భోజనమును చేయలేదు. ఆమె తూలుచుండగా స్నేహితులు ఇంటికి తీసికొనిపోయి, నిద్రపోవునని తలంచి, మంచముపై పరుండబెట్టిరి. కొంతసేపటికి వచ్చి చూడగా ఊపిరి లేదు. శ్వాసను మరల తెప్పించిరి గాని స్పృహ మరల రాలేదు. ఆ స్థితిలోనే పది సంవత్సరములుండి 1985 జూన్‌లో ఆమె కన్నుమూసెను. ఆ స్నేహితులు దుర్మార్గులు కారు. వారు చేసినది మన ఇండ్లలో మనము చేయునదియే. పరుండబెట్టి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయిరి.

4. మానుటలోని అపాయము

ఇప్పుడు ఈ పాఠములోని ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాము. దయతో శ్రద్ధగా చదువుడి.

2015 సెప్టెంబరులో మన రాష్ట్రమున కల్తీ కల్లుపై అధికారుల దాడులు ముమ్మరమయ్యెను. మందు పొడి రాక తగ్గెను. మనము సంతోషింపవలసిన దినములే. కాని నిజామాబాదు, మహబూబ్‌నగర్ మొదలైన జిల్లాలలో ఏమి జరిగెనో జ్ఞాపకము చేసికొనుడి. ఏండ్ల తరబడి ఆ కల్లు త్రాగినవారికి అది హఠాత్తుగా దొరకకపోగా చేతులు వణకెను, చెమటలు పట్టెను, నిద్ర పోయెను. లేనివి కనబడెను, లేని మాటలు వినబడెను. కొందరికి ఫిట్సు వచ్చెను. వందలకొలది జనులను జిల్లా ఆసుపత్రులకును, హైదరాబాదు ఎఱ్ఱగడ్డ మానసిక చికిత్సాలయమునకును తీసికొనిపోవలసివచ్చెను. కొందరు మరణించిరి.

ఎందువలన? ప్రతిదినము బ్రేకు నొక్కబడుచుండగా మెదడు దానికి ఎదురుగా తన పరుగును హెచ్చించుకొనును. ఆ బ్రేకును ఒక్కసారి తీసివేసినయెడల బండి పట్టు తప్పును. మద్యమును హఠాత్తుగా మానుటలో అపాయమున్నది. నిద్రమందును హఠాత్తుగా మానుటలో అపాయమున్నది. రెండింటికిని అలవాటుపడినవాడు రెండింటిని ఒకే దినమున మానుట మరింత అపాయకరము.

ఇట్టి ఇల్లు మనలో ఒకటి యున్నదని తలంచుదము. ఒక పెద్దాయన ముప్పది యేండ్లుగా ప్రతి సాయంకాలము మందు కల్లు త్రాగుచుండెను. ఉజ్జీవకూటములో ప్రసంగము విని కదిలింపబడి, ముందుకు వచ్చి, ఇక ముట్టనని కన్నీళ్లతో చెప్పెను. అందరును స్తుతులు చెల్లించిరి. మరునాడు చేతులు వణకసాగెను. కుమారుడు ‘బాపూ, ఇయ్యాల ఓర్సుకో, దేవునికి మాటిచ్చినవ్, ముట్టకు’ అని ధైర్యము చెప్పెను. కోడలు ఉపవాస ప్రార్థన చేసెను. రెండవ రాత్రి ఆయన గోడమీద పాములున్నవని అరచెను. ఇరుగుపొరుగువారు దయ్యమనిరి. తెల్లవారుజామున ఫిట్సు వచ్చెను. ఈ యింటివారందరును ఆయనను ప్రేమించినవారే. అయినను ఆయనకు కావలసిన ఒక్కటి మాత్రము ఎవరును చేయలేదు. మొదటి దినముననే వైద్యుని యొద్దకు తీసికొనిపోలేదు.

ఈ విషయములో సంఘ సేవకులమైన మేమును తప్పిపోయితిమని ఒప్పుకొనుచున్నాము. ‘ఈ రాత్రియే మానుము’ అని పిలుపునిచ్చితిమి గాని, ‘రేపు ఉదయము నీతోకూడ ఆసుపత్రికి వచ్చెదము’ అని చెప్పలేదు. చేయి పైకెత్తినవారిని లెక్కించితిమి గాని, మూడవ దినమున వారి యింటికి పోయి చూడలేదు. వణకినవానిని విశ్వాసహీనుడని యెంచితిమి. అది విశ్వాసలోపము కాదు, శరీరపు బాధ. మారుమనస్సు ఒక్క క్షణములో కలుగవచ్చును. శరీరము విడుదల పొందుటకు వారములు, కొన్నియెడల నెలలు పట్టును. దేవుడు రెండింటిలోను ఉన్నాడు.

వైద్యుడు చేయునది ఇది. అలవాటుపడిన శరీరమునకు తగిన మందును లెక్కప్రకారము ఇచ్చి, కొలతను మెల్లమెల్లగా తగ్గించుచు, ఫిట్సు రాకుండ కాపాడుచు, చివరకు పూర్తిగా మాన్పించును. ఆ కాలములో ఆయన ఇచ్చిన మందుపై కల్లు త్రాగుట అత్యంత అపాయకరము. ఆ మందును స్వంతముగా హెచ్చించుటయు తగ్గించుటయు కూడదు. మందు కల్లు దొరకలేదని మందుల దుకాణములో చీటి లేకుండ మాత్రలు కొనుటయు కూడదు. అల్ప్రాజోలము, డైజెపాము వంటివి 2014 మార్చి నుండి హెచ్-1 పట్టికలోనివి. వైద్యుని చీటి లేనిదే అమ్మరాదు. అమ్మిన ప్రతి పర్యాయము దుకాణదారుడు పుస్తకములో వ్రాసి మూడేండ్లు దాచియుంచవలెను.

ఇందుకు దూరము పోవలసిన పని లేదు. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. కోరుట్లవారికి జగిత్యాల దగ్గరయే. ఫోనులో సలహా కొరకు టెలిమానస్ 14416, వ్యసన విముక్తి కొరకు 14446 అను ఉచిత సంఖ్యలు కలవు.

5. సంఘము నేర్చుకొనవలసిన మూడు మాదిరులు

మొదటిది, నోవహు కుమారులైన షేము, యాపెతు (ఆదికాండము 9:20–23). తండ్రి మత్తుడై వస్త్రహీనుడుగా పడియుండగా ఒకడు చూచి బయట చెప్పెను. ఈ ఇద్దరు వెనుకకు నడిచివెళ్లి కప్పిరి. వారు తండ్రి తప్పును మంచిదనలేదు. ఆయన సిగ్గును మాత్రము కప్పిరి. మన స్త్రీల సమాజములో ఒక అక్క కల్లు అలవాటు బయటపడినయెడల మొదట జరుగునది ఏది? గుసగుసయా, కప్పుటయా? గుసగుస భయముచేతనే అనేకులు వైద్యుని యొద్దకు పోరు.

రెండవది, పక్షవాయువుగలవానిని మోసిన నలుగురు (మార్కు 2:1–5). అతడు తనంతట తాను రాలేడు. మోయువారు కావలెను. యేసు వారి విశ్వాసమును చూచెనని సువార్తికుడు వ్రాసెను. మానదలచిన ప్రతివానికి సంఘములో నలుగురు కావలెను. ఒకరు ఆసుపత్రికి తోడుపోవుటకు, ఒకరు మందు లెక్కగా ఇచ్చుటకు, ఒకరు రాత్రి ప్రక్కన కూర్చుండుటకు, ఒకరు ఆ దినముల కూలి పోయిన యింట బియ్యము చూచుటకు.

మూడవది, మంచి సమరయుడు (లూకా 10:33–35). అతడు గాయములు కట్టి, పూటకూళ్ల యింటికి తీసికొనిపోయి, మరునాడు సొమ్ము చెల్లించి, తిరిగి వచ్చెదనని చెప్పెను. తిరిగి వచ్చుట అను మాటను మరువకుడి. సహాయములో ఎక్కువ భాగము తిరిగి వచ్చుటయే.

6. ఇంటివారు జ్ఞాపకముంచుకొనవలసినవి

ఒకటి. త్రాగి మాత్ర వేసికొనినవానిని, మందు కల్లు త్రాగి మత్తుగా నున్నవానిని వెల్లకిల పరుండబెట్టకుడి. ప్రక్కకు త్రిప్పి, తల కొంచెము వెనుకకు వంచి, నోరు నేలవైపుండునట్లు పరుండబెట్టుడి. ఒంటరిగా విడువకుడి.

రెండు. పిలిచినను గిల్లినను లేవకున్నను, ఊపిరి చాల నెమ్మదిగా గాని ఆగి ఆగి గాని ఆడుచున్నను, పెదవులు నీలమగుచున్నను, ఫిట్సు వచ్చినను వెంటనే 108కి ఫోను చేయుడి. తెల్లవారువరకు చూతమనుకొనకుడి.

మూడు. మత్తులోనున్నవాని నోట మజ్జిగ, నిమ్మరసము, చింతపండు పులుసు పోయకుడి. వాంతి చేయింపకుడి. అవి ఊపిరితిత్తులలోనికి పోవును.

నాలుగు. మిగిలిన సీసాను, మాత్రల అట్టను వైద్యునికి చూపుడి. సిగ్గుచేత దాచకుడి. ఏది ఎంత తీసికొనెనో తెలిసిననే చికిత్స సులభమగును.

ఐదు. ప్రతిదినము అలవాటున్నవానిని ఒక్కసారిగా మాన్పింపకుడి. ముందు వైద్యుని చూచి, ఆయన చెప్పినట్లు మాన్పింపుడి.

7. ప్రభువు త్రోసివేసిన పాత్ర

గొల్గొతా యొద్ద సైనికులు మన ప్రభువుకు బోళము కలిపిన ద్రాక్షారసము ఇయ్యబోయిరి. అదియు కలిపిన పాత్రయే. బాధ తెలియకుండుటకు ఇచ్చునది. ఆయన పుచ్చుకొనలేదని మార్కు వ్రాసెను. దీనినిబట్టి నొప్పికి మందు వాడరాదని కొందరందురు. అట్లు కాదు. ప్రియ వైద్యుడైన లూకా పౌలుతో నుండెను (కొలొస్సయులకు 4:14). కడుపు జబ్బు నిమిత్తము తిమోతికి ద్రాక్షారసము కొంచెము వాడుమని పౌలు చెప్పెను. వైద్యుడు వ్రాసిన నిద్రమాత్రను వ్రాసినట్లు వేసికొనుట పాపము కాదు. దానికి సిగ్గుపడనక్కరలేదు.

ప్రభువు ఆ పాత్రను త్రోసివేయుట మన కొరకే. మన బాధను మేలుకువతో, తెలివితో, పూర్తిగా భరించుటకు ఆయన కోరెను. అందుచేత రాత్రి రెండు గంటలకు నిద్రరాక లేచి కూర్చున్న సహోదరుని ప్రక్కను మేలుకొనియున్నవాడొకడు కలడు. ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడని 121వ కీర్తన చెప్పుచున్నది గదా. మన మెదడులోని కావలివాడు మత్తులో కునుకవచ్చును. ఆ కావలివాడు కునుకడు. అయితే ఆయన తన మేలుకువను మన ద్వారా గూడ చూపగోరుచున్నాడు. కావున ఈ మాసము మనలో ఎవరైనను ఒక యింట ఒక రాత్రి మేలుకొని కూర్చుండవలసి వచ్చినయెడల, అది ప్రభువు సేవయని యెంచుదుము గాక.

ఏలీయా బదరీవృక్షము క్రింద ఇక చాలునని పరుండినప్పుడు దేవుడు అతనిని గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను. లేపి రొట్టెయు నీళ్లును ఇచ్చెను. మరల నిద్రపోనిచ్చెను (1 రాజులు 19:4–8). అలసినవారితో దేవుడు వ్యవహరించు రీతి ఇది. మన రీతియు అట్లే ఉండవలెను.

ధ్యానించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో నిద్రలేమిచేత బాధపడువారు ఎవరు? దానికి కారణము పనియా, అప్పా, ఒంటరితనమా, రోగమా?

2. మానదలచినవానికి మన సంఘములో నలుగురు మోయువారు దొరకుదురా? వారి పేర్లు ఈ నెలలోనే నిర్ణయింపగలమా?

3. మన యిండ్లలో చీటి లేకుండ కొనిన నిద్రమాత్రలు ఉన్నవా? వాటిని గూర్చి వైద్యునితో మాటలాడితిమా?

ప్రార్థన

కునుకని ప్రభువా, అలసిన మా జనులకు నీ నిద్రను దయచేయుము. కలిపిన పాత్రను పట్టుకొనిన చేతులను విడిపింపుము. విడుదల పొందువారి వణకును చూచి మేము వెనుదీయకుండునట్లు మాకు ఓర్పునిమ్ము. వైద్యుల చేతులను దీవింపుము. లాభము కొరకు పొరుగువాని ఊపిరిని అమ్మువారి హృదయములను మార్చుము. మా కొరకు మేలుకువతో శ్రమపొందిన యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.